టామ్ కిల్‌బర్న్

టామ్ కిల్‌బర్న్ (ఆగష్టు 11, 1921 - జనవరి 17, 2001) సుప్రసిద్ధ బ్రిటిష్ గణితవేత్త, కంప్యూటర్ ఇంజనీరు. ప్రోగ్రామును తన మెమరీలోనే దాచుకొని నడిచిన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటరుకు మొదటి ప్రోగ్రాము వ్రాసినవాడుగా ఈయన పేరు ఎక్కువమందికి తెలుసు. అయితే మెమరీ నిండినపుడు దేనిని ఉంచాలి, దేనిని ఖాళీ చేయాలి అనే నిర్ణయాన్ని మనిషి నుంచి యంత్రానికి అప్పగించిన అట్లాస్ కంప్యూటరే ఈయన కృషిలో ముఖ్యమైనదని చెప్పవచ్చు.

తొలి జీవితం

కిల్‌బర్న్ ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో డ్యూస్‌బరీ పట్టణంలో జన్మించాడు. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో గణితశాస్త్రం చదివి 1942లో పట్టభద్రుడయ్యాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మాల్వెర్న్‌లోని రాడార్ పరిశోధన కేంద్రంలో ఎఫ్.సి. విలియమ్స్ వద్ద పనిచేశాడు. 1943లో ఐరీన్ మార్స్‌డెన్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు సంతానం.

మాంచెస్టర్‌లో

1946 చివర విలియమ్స్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా వెళ్ళగా, కిల్‌బర్న్ కూడా ఆయన వెంట వెళ్ళాడు. క్యాథోడ్ కిరణ నాళం తెర మీద విద్యుదావేశపు చుక్కలుగా సమాచారాన్ని నిలిపే పద్ధతిని ఇద్దరూ అభివృద్ధి చేశారు. 1947 చివరికి ఒక్క నాళంలో 2048 బిట్లు నిలిచాయి. దీనిని పరీక్షించడానికి నిర్మించిన బేబీ అనే చిన్న యంత్రం 1948 జూన్ 21న కిల్‌బర్న్ వ్రాసిన ప్రోగ్రామును నడిపింది. ఆ యంత్రపు మెమరీ 32 పదాలు మాత్రమే.

తరువాతి యంత్రాలలో వేగమైన మెమరీ కొద్దిగానూ, నిదానమైన అయస్కాంత డ్రమ్ము ఎక్కువగానూ ఉండేవి. డ్రమ్ము నుంచి ఏ భాగాన్ని ఎప్పుడు తేవాలో, దేని స్థానంలో ఉంచాలో ప్రోగ్రాము వ్రాసేవారే చూసుకోవలసి వచ్చేది. అసలు లెక్క కంటె ఈ సర్దుబాటుకే ఎక్కువ శ్రమ పట్టేదంటే ఆశ్చర్యం లేదు.

అట్లాస్, పేజీల ఎంపిక

ఫెరాంటీ సంస్థతో కలిసి నిర్మించిన అట్లాస్ కంప్యూటరు 1962 డిసెంబరు 7న ప్రారంభమయింది. ఇందులో కోర్ మెమరీ 16,384 పదాలు, డ్రమ్ములు 98,304 పదాలు. రెండింటినీ 512 పదాల పేజీలుగా విభజించి, ప్రోగ్రామరుకు ఒకే మెమరీగా కనిపించేటట్లు చేశారు. దీనిని వివరించే వ్యాసాన్ని కిల్‌బర్న్, ఎడ్వర్డ్స్, లానిగన్, సమ్నర్ 1962లో ప్రకటించారు. నేడు వర్చువల్ మెమరీ అంటున్నది ఇదే.

చదువుకొనే బల్ల మీద 32 పుస్తకాలకే చోటున్నదనుకుందాం. మిగిలినవి పక్క గదిలోని బీరువాలో ఉన్నాయి. కొత్త పుస్తకం కావలసినపుడు బల్ల మీది దానిని ఒకటి తీయాలి. తీసినది మరుక్షణమే కావలసివస్తే నడక దండుగ. అట్లాస్‌లో ఈ నడక చాలా ఖరీదైనది. డ్రమ్ము ఒక చుట్టు తిరగడానికి 12 మిల్లీసెకన్లు పట్టేది. ఆ వ్యవధిలో కోర్ మెమరీని వేలసార్లు చదవవచ్చు.

అందువలన అట్లాస్ ప్రతి పేజీకి రెండు కాలాలను లెక్కించేది: చివరిసారి వాడి ఎంతసేపయింది, అంతకుముందు ఎంతసేపు వాడకుండా ఉన్నది. మునుపటి విరామం కంటె ఎక్కువసేపు ఊరకున్న పేజీ పని ముగిసిందని భావించి దానిని డ్రమ్ముకు పంపేది. అటువంటిది లేనపుడు, అందరి కంటె ఆలస్యంగా అవసరపడుతుందని తోచిన పేజీని ఎంచేది. పంపిన పేజీ తిరిగివస్తే, దూరంగా ఉన్న కాలం కూడా దాని విరామంలో చేరేది. ఆ విధంగా పొరపాటు నుంచి నేర్చుకొనేది కనుకనే దీనికి నేర్చుకొనే ప్రోగ్రాము అని పేరు వచ్చింది. అంతేకాక, కొత్త పేజీ వేచి ఉండకుండా ఒక స్థానాన్ని ముందే ఖాళీగా ఉంచేవారు.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. ప్రోగ్రాములు ఒకే క్రమంలో మళ్ళీ మళ్ళీ తిరుగుతాయన్న ఊహ మీద అది ఆధారపడింది. 1966లో ఐ.బి.ఎం. శాస్త్రవేత్త బెలాడీ వివిధ పద్ధతులను పోల్చినపుడు, ఆ క్రమం పాటించని ప్రోగ్రాముల విషయంలో ఇది అంతగా రాణించలేదు. తెలివైన ఊహ కంటె ఇటీవల వాడారా లేదా అన్న సాదా గుర్తే చాలాసార్లు మేలు చేసింది.

నేటి ఆపరేటింగ్ సిస్టం కెర్నెల్‌కు ఈ చిక్కు ఇంకా పెరిగింది. ప్రోగ్రాముల పేజీలతో పాటు ఫైళ్ళ క్యాషె, డైరెక్టరీ పేర్ల క్యాషె కూడా అదే మెమరీని పంచుకుంటాయి. చోటు తక్కువైనపుడు దేని నుంచి ఎంత తిరిగి తీసుకోవాలో తూచవలసి ఉంటుంది. ఒకదాని మీదనే భారం వేస్తే తీసివేసినదే మళ్ళీ మళ్ళీ డిస్కు నుంచి చదవవలసివస్తుంది. 2014 నుంచి లైనక్స్ కెర్నెల్, తొలగించిన ఫైలు పేజీ ఎంత త్వరగా తిరిగివచ్చిందో గమనించి, దానిని నిలుపుకోవాలా అని తేల్చుకుంటున్నది. తిరిగిరావడాన్నే సాక్ష్యంగా తీసుకోవడం అట్లాస్‌లోనూ ఉన్నదని గమనించవచ్చు.

చివరి సంవత్సరాలు

1964లో మాంచెస్టర్‌లో ఏర్పడిన కంప్యూటర్ సైన్సు విభాగానికి కిల్‌బర్న్ తొలి అధిపతి. ఆ తరువాత ఎం.యు.5 యంత్రాన్ని రూపొందించాడు. 1965లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1978లో రాయల్ మెడల్ లభించాయి. 1981లో పదవీ విరమణ చేశాడు. భార్య ఐరీన్ ఆ సంవత్సరమే మరణించింది. 1998లో బేబీ స్వర్ణోత్సవానికి నిర్మించిన నమూనా యంత్రాన్ని చూడగలిగాడు. 2001 జనవరి 17న మాంచెస్టర్‌లో మరణించాడు. ఆ విభాగపు భవనానికి ఈయన పేరు పెట్టారు.