వెలుతురును పట్టిన రాజా దీన్ దయాళ్

మన పొరుగు జిల్లా నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది. రింగు పక్కన మసక వెలుతురులో, రెప్పపాటులో తగిలే పంచ్‌ను ఫోటో తీయడం ఈనాటికీ కష్టమే. మరి నొక్కగానే వెలిగే ఫ్లాష్ లేని కాలంలో? ఆ కాలంలో పేరు తెచ్చుకున్నవారు రాజా దీన్ దయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జన్మించారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు కొలువులో చేరారు. 1874లో కెమెరా పట్టారు. అప్పట్లో గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, చీకటి గుడారంలో కడగాలి. వెలుతురు తగ్గితే లెన్సు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోయేది. 1880లలో పొడి పలకలు వాడుకలోకి వచ్చాక పరుగెత్తే గుర్రాలను తీయడం సులువైంది.

తర్వాత స్థిరమైన కొలువు వదిలి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. పరదా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో వేరే స్టూడియో తెరిచి, ఒక మహిళకే అప్పగించారు. 1902లో వరంగల్ వైపు నెక్కొండలో కర్జన్ దంపతులు వేటాడిన పులితో దిగిన ఫోటో ఆయన స్టూడియోదే. 1905లో కన్నుమూశారు.

వెలుతురు చాలదని ఆయన కెమెరా మూయలేదు. ఉన్న వెలుతురులోనే పని నేర్చుకున్నారు. హాస్టల్ దీపం కింద చదువుకునే మనకు ఆయన జీవితం ధైర్యం.