ఉప్పు నేల మీద వేగం కొలిచిన మేయర్ గారు

మన తెలుగు కుర్రాళ్లలో ఎవరైనా కొత్తగా స్పోర్ట్స్ కారు కొన్నారంటే చాలు, నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. స్పీడోమీటర్ మీద 180 దాకా అంకెలున్నాయి కదా అంకుల్, అమెరికాలో అంత వేగంతో పోనిచ్చే హైవే ఎక్కడుంది అని. పక్కనే నిలబడిన అమ్మానాన్నలు నేను గట్టిగా నాలుగు మాటలు చెబుతానని చూస్తారు. నేను ఉపదేశం చేయను, యాబ్ జెంకిన్స్ జీవితం చెబుతాను. ఇక్కడి పాత తరానికి ఆయన బాగా తెలిసిన మనిషి. మన పిల్లలకు మాత్రం ఆయన పేరు కొత్త.

ముందు ఆ ప్రశ్నకు జవాబు. జర్మనీలో ఆటోబాన్ ఉంది కానీ, అమెరికాలో ఇవాళ స్పీడ్ లిమిట్ లేని ఇంటర్‌స్టేట్ లేదు. మోంటానాలో 1995 డిసెంబరు నుంచి కొన్నేళ్లు పగటిపూట అంకె ఉండేది కాదు. పరిస్థితిని బట్టి సబబైన వేగంతో వెళ్లాలన్నదే నియమం. అది మరీ అస్పష్టంగా ఉందని 1998లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 1999లో మళ్లీ లిమిట్ వచ్చింది. ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ లిమిట్ టెక్సాస్‌లో, ఆస్టిన్ దగ్గర టోల్ రోడ్డు మీద ఉంది. అదైనా గంటకు 85 మైళ్లే.

ఇక జెంకిన్స్ సంగతి. ఆయన 1883లో యూటా రాష్ట్రంలోని స్పానిష్ ఫోర్క్‌లో పుట్టారు. వృత్తి ఇళ్లు, కట్టడాలు కట్టించే కాంట్రాక్టు. మార్మన్ మతస్థుడు. మందు, సిగరెట్ ముట్టని మనిషి. 1910లో ఒక బాక్సింగ్ పోటీ చూడ్డానికి నెవాడాలోని రీనోకు మోటార్ సైకిల్ మీద బయల్దేరారు. దారిలో సాల్ట్ లేక్ సిటీకి పడమట ఉన్న బానవిల్ ఉప్పు మైదానం తగిలింది. ఎటు చూసినా తెల్లగా, బల్లపరుపుగా, గట్టిగా ఉన్న నేల. చెట్టు లేదు, గట్టు లేదు, ఎదురొచ్చే బండి లేదు. ఆ చోటు ఆయన మనసులో ఉండిపోయింది.

1925లో ఆ ఉప్పు నేల మీదుగా వెండోవర్‌కు కొత్త హైవే వేశారు. ప్రారంభోత్సవానికి సాల్ట్ లేక్ నుంచి ప్రత్యేక రైలు నడిపారు. రైలు కన్నా ముందు చేరతానని జెంకిన్స్ పందెం కట్టి, స్టూడ్‌బేకర్ బండిలో 5 నిమిషాల తేడాతో గెలిచారు. ఆ మరుసటి ఏడాది న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు కూడా రికార్డు వేగంతో కారు నడిపారు. అప్పటి దాకా ఆయనదీ మన కుర్రాళ్ల దారే. మామూలు రోడ్డు మీదే వేగం.

ఆ తర్వాత ఆయన వేగాన్ని రోడ్డు మీద నుంచి ఉప్పు నేల మీదకు మార్చుకున్నారు. 1932లో అక్కడ 10 మైళ్ల చుట్టు ట్రాక్ గీయించి, 12 సిలిండర్ల పియర్స్ యారో కారును ఒక్కరే 24 గంటలు నడిపారు. పెట్రోలు పోయించుకోవడానికి ఆగినా సీటు దిగలేదు. 2,710 మైళ్లు తిరిగారు, సగటున గంటకు దాదాపు 113 మైళ్లు. అయితే అధికారికంగా టైమ్ తీసినవాళ్లు లేరు కాబట్టి అది రికార్డుల్లోకి ఎక్కలేదు. నన్ను నమ్మండి అని ఆయన వాదించలేదు. 1933లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్ల గడియారాల ముందు మళ్లీ నడిపి, దాదాపు 118 చేశారు. చివరి చుట్లలో స్టీరింగ్ దగ్గరే గడ్డం గీసుకుని, కారు దిగేసరికి నున్నటి ముఖంతో కనిపించారట. ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు.

1935లో డ్యూసెన్‌బర్గ్ స్పెషల్ అనే కారుతో 24 గంటల సగటును 135 దాటించారు. అదే ఏడాది ఇంగ్లండ్ నుంచి మాల్కమ్ క్యాంప్‌బెల్ అక్కడికే వచ్చి, కారులో గంటకు 300 మైళ్లు దాటిన మొదటి మనిషి అయ్యారు. తర్వాత జెంకిన్స్ కారుకు విమానం ఇంజిన్ బిగించి, మార్మన్ మీటియర్ అని పేరు పెట్టారు. 1939లో సాల్ట్ లేక్ సిటీ మేయర్‌గా గెలిచారు. పదవిలో ఉండగానే, 1940లో, మరో డ్రైవర్‌ను తోడు తీసుకుని 24 గంటలు సగటున 161 మైళ్ల వేగంతో నడిపారు. అంతటి మనిషి ఊళ్లో రోడ్డు మీద మాత్రం జాగ్రత్తగా నడపమని ప్రచారం చేసేవారు. 1956లో, 73 ఏళ్ల వయసులో, కొడుకుతో కలిసి పాంటియాక్ కారును 24 గంటలు సగటున 118 మైళ్లతో నడిపారు. అదే ఏడాది ఆగస్టులో గుండెపోటుతో కన్నుమూశారు.

ఈ కథలో నాకు నచ్చేది 161 అనే అంకె కాదు, ఆయన ఎంచుకున్న చోటు. గంటకు 120 మైళ్ల వేగంలో కారు సెకనుకు 176 అడుగులు పోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక కారు ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఉప్పు నేల మీద లెక్క తప్పితే పోయేది నడిపేవాడి ప్రాణం. ఇంటర్‌స్టేట్ మీద తప్పితే, పక్క లేన్‌లో పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తున్న ఇంకో కుటుంబానిది కూడా.

మన పిల్లలకు ఇంకో చిక్కూ ఉంది. వర్జీనియాలో 85 దాటితే అది టికెట్‌తో పోయేది కాదు, క్రిమినల్ కేసు. ఏడాది దాకా జైలు పడవచ్చు. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని వీసా ఫారంలో అడుగుతారు. స్టాంపింగ్‌కు ఇండియా వెళ్లినప్పుడు ఆ గడిలో ఏం రాయాలో ఆలోచించుకోవాలి.

అలాగని కోరిక తీరే దారి లేకపోలేదు. బానవిల్‌లో 1949 నుంచి ఆగస్టు నెలల్లో స్పీడ్ వీక్ జరుపుతున్నారు. నెవాడాలో 318వ నంబరు హైవేను 90 మైళ్ల మేర మూసేసి సిల్వర్ స్టేట్ క్లాసిక్ పోటీ పెడతారు. మామూలు కార్లవాళ్లు కూడా హెల్మెట్, టైర్ల తనిఖీ, అనుభవాన్ని బట్టి వేగ పరిమితి వంటి షరతులకు లోబడి పాల్గొనవచ్చు. దగ్గర్లో రేస్ ట్రాక్ ఉంటే అక్కడి ట్రాక్ డేల్లో పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని నేర్పుతారు. వెళ్లేముందు టైరు పక్కన ఉండే అక్షరం చూసుకోండి. హెచ్ అయితే 130 మైళ్ల దాకా, వి అయితే 149 దాకా. మామూలు కారు ఇన్సూరెన్స్ రేసింగ్‌కు వర్తించదన్నది కూడా గుర్తుంచుకోండి.

జెంకిన్స్ 1940 నాటి 24 గంటల రికార్డు 50 ఏళ్లు నిలిచింది. 1990లో దాన్ని బద్దలు కొట్టింది కార్వెట్ జెడ్‌ఆర్-1, అంటే షోరూమ్‌లో అమ్మే స్పోర్ట్స్ కారే. సగటు వేగం దాదాపు 176. అదీ హైవే మీద కాదు, టెక్సాస్‌లో మూసి ఉన్న టెస్ట్ ట్రాక్ మీద.