కియిచిరో టొయోడా

మన ఊళ్ళ బాటలమీద టొయోటా కారును చూడని బాలుడు నేడు లేడు. కాని ఆ పేరు ఒక కుటుంబపు ఇంటిపేరునుండి పుట్టినదనియు, ఆ కారును మొదట చేయించిన మనుష్యుడు దానికి లోకములో మంచి పేరు రాకమునుపే పదవిని విడిచి, కన్ను మూసెననియు ఎఱిగినవారు మన విద్యార్థులలో కొలదిమంది. ఆయనయే కియిచిరో టొయోడా. ఈ సంవత్సరపు సంచికకు ఆయన చరిత్రము వ్రాయుట మేలని మాకు తోచినది. తండ్రి మాట చెప్పక ఈ కుమారుని కథ చెప్పుట సాధ్యము కాదు గనుక అక్కడనే ఆరంభింతుము.

తండ్రియగు సాకిచి టొయోడా 1867వ సంవత్సరమున, జపాను దేశములో నేటి కొసాయి నగరమున చేరిన యమాగుచి అను పల్లెలో, ఒక వడ్రంగి యింట జన్మించెను. ఆ పల్లెలో స్త్రీలు ఇంటింట మగ్గముపై కూర్చుండి నేయుచుండిరి. సాకిచి తల్లియు అట్లే నేయుచుండెను. క్రొత్త యంత్రము కనిపెట్టినవానికి దానిపై హక్కునిచ్చు చట్టమును ఆ దేశపు ప్రభుత్వము 1885లో చేసినదని విన్నది మొదలు ఈ యువకునికి మగ్గము తప్ప మఱియొక ధ్యాస లేకపోయెను. కొయ్యలు కోయుట, బిగించుట, విప్పుట, కాల్చివేయుట. పొరుగువారు ఇతనిని పనికిమాలినవానిగా ఎంచిరి. 1890లో టోకియోలో జరిగిన పరిశ్రమల ప్రదర్శనమునకు పోయి, దినముల తరబడి యంత్రములయెదుట నిలుచుండి చూచెను. మఱుసటి యేట తన కొయ్యమగ్గమునకు హక్కుపత్రము పొందెను.

చీరాల, మంగళగిరి ప్రాంతములనుండి వచ్చు మన పిల్లలకు పడుగు, పేక, నాడె అను మాటలు వివరింప నక్కఱలేదు. నేతలో ఒక పోగు తెగినను మగ్గము ఆగకుండ నడచినచో ఆ పైని నేసిన గుడ్డ అంతయు చెడును. అందుచేత మరమగ్గము ప్రక్కను ఎల్లప్పుడును ఒకరు కాచుకొని యుండవలసి వచ్చెను. సాకిచి ఆలోచన యేమనగా, పోగు తెగిన క్షణమున మగ్గము తానై ఆగవలెను. పైకి చిన్న మాటవలె కనబడును గాని, మా కథకంతకు మూలము ఇదియే; దీనిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

కియిచిరో 1894 జూన్ 11వ తేదీన ఆ పల్లెలోనే జన్మించెను. తండ్రి మగ్గముల వెంట ఊళ్ళు తిరుగుచుండగా, ఆ కాపురమును సహింపలేక తల్లి, బిడ్డ పుట్టిన కొలది కాలమునకే పుట్టింటికి వెడలిపోయెను. శిశువును తాత నాయనమ్మలు పెంచిరి. గొప్పవారి చరిత్రములు వ్రాయువారు ఇట్టి సంగతులను దాటిపోవుదురు. ఒక యంత్రము కొఱకు ఒక యిల్లు చెల్లించిన వెలను దాచుట న్యాయము కాదని మేము తలంతుము. తరువాత ఆ బాలుడు నగోయాలో తండ్రియొద్దను సవతితల్లియొద్దను పెరిగి, సెండాయిలో చదివి, టోకియో విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రమును అభ్యసించి, 1920లో పట్టభద్రుడయ్యెను.

అతడు మగ్గములలో తలదూర్చుట తండ్రికి మొదట ఇష్టము లేదు. నూలుమిల్లు వ్యవహారము చూచుకొనుమనెను. కుమారుడు వినలేదు. నాడెలోని నూలు అయిపోవగానే మగ్గము ఆగకుండ మఱియొక నాడె తానై వచ్చి పడు ఉపాయమును తండ్రితో కలసి సాధించెను. అట్లు 1924లో పూర్తియైన మగ్గమునకు జి-రకము అని పేరు. దానిని చేయుటకై 1926లో కరియా పట్టణమున కార్ఖానా స్థాపింపబడెను. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ సోదరుల కంపెనీ, అనగా ప్రపంచమునకు మగ్గములు అమ్మిన సంస్థ, ఈ మగ్గము హక్కును 1,00,000 పౌనులకు కొనెను. ఆ ధనమును తండ్రి మోటారు బండ్ల పరిశోధనకై కుమారుని చేతిలో పెట్టెనని వాడుకగా చెప్పుదురు. చరిత్రకారులలో దీనిని నమ్మనివారును కలరు. ఏది యెట్లైనను 1930 అక్టోబరు 30వ తేదీన సాకిచి మరణించెను. ఆ యేడే కరియా కార్ఖానా మూలలో కియిచిరో ఒక చిన్న ఇంజనును విప్పుచు బిగించుచు కనబడెను.

ఆ కాలపు జపానులో కార్లు చాలవఱకు అమెరికావే. 1923లో టోకియోను నేలమట్టము చేసిన భూకంపమునకు పిమ్మట, ఫోర్డు బండ్ల చట్రములను తెప్పించి నగరమువారు బస్సులు నడిపిరి. 1925లో ఫోర్డు కంపెనీయు, 1927లో జనరల్ మోటార్సును ఆ దేశముననే బండ్లు బిగించు శాలలు తెఱచిరి. వీరితో మగ్గములవాడు పోటీపడుట వెఱ్ఱియని కుటుంబములోనే అనేకులు భావించిరి. కార్ఖానా పెద్ద రిసాబురో, కియిచిరోకు చెల్లెలి భర్త, సులభముగా ఒప్పుకొనలేదు. ఎట్టకేలకు 1933 సెప్టెంబరులో మోటారు శాఖ ఏర్పడెను.

ఒక షెవర్లే కారును కొని, మఱకు మఱ విడదీసి, ప్రతి భాగమును కొలిచిరి. చూచి చేయుట సులభమని తోచవచ్చును. కాని ఇంజను దిమ్మను పోతపోయుట వారికి ప్రాణసంకటమయ్యెను. పోసిన దిమ్మలలో పనికివచ్చినవానికంటె పారవేసినవే యెక్కువ. మగ్గపు ఇనుప పోతలో ఆరితేరినవారే దీనియెదుట ఓడిపోవుచు, మరల ఇనుమును కరగించి పోయుచు నెలలు గడపిరి. 1935 మేలో మొదటి కారు నమూనాయు, ఆగస్టులో మొదటి లారీయు సిద్ధమయ్యెను. నవంబరులో ఆ లారీని టోకియోలో ప్రదర్శించుటకై రోడ్డు మార్గమున తోలుకొనిపోవుచుండగా దారిలోనే స్టీరింగు భాగమొకటి విఱిగెను.

ఈ మొదటి లారీలను కొన్నవారి అభిప్రాయము మెప్పుకాదు. ఇరుసులు విఱిగెను, బండ్లు నడిబాటను నిలిచిపోయెను. కంపెనీవారు దీనిని ముందే యెఱిగి, వెల తగ్గించి, మరమ్మతు చేయుటకు వీలగు సమీప ప్రాంతములలో మొదట అమ్మిరి. కొన్నవారికి కబురు రాగానే పనివారు పోయి ఉచితముగా బాగుచేసిరి. కియిచిరో తానే పోయి బండి క్రింద దూరి చూచెడివాడనియు, విఱిగిన ముక్కను కార్ఖానాకు తెచ్చి దాని లోపము తెలియువఱకు విడువలేదనియు చెప్పుదురు. కోపించిన కొనుగోలుదారు ఆయనకు తెగిన పోగువంటివాడు. ఆ పోగును చూడనట్లు నటించిన, తరువాతి గుడ్డయంతయు చెడును గదా.

1936లో ఏఏ అను కారు వెలువడెను. అది 1943 వఱకు 1,404 మాత్రమే తయారయ్యెను. ఆ యేటనే, గుర్తు కొఱకు ప్రజలను అడిగి, వచ్చిన సుమారు 27,000 చిత్రములనుండి ఒకదానిని ఎంచి, టొయోడాను టొయోటాగా మార్చిరి. జపాను లిపిలో టొయోటా అనుటకు ఎనిమిది గీతలు పడును, ఎనిమిది వారికి శుభసంఖ్య. 1937 ఆగస్టు 28న టొయోటా మోటారు కంపెనీ వేఱుగా స్థాపింపబడెను. మఱుసటి యేట కొరొమో పట్టణమున పెద్ద కార్ఖానా తెఱచిరి. కావలసిన భాగము కావలసినప్పుడే, కావలసినంతే రావలెను, గిడ్డంగులలో ప్రోగుపడరాదు అను నియమమును కియిచిరో అక్కడ పెట్టెను. యుద్ధము దానిని సాగనీయలేదు. చైనామీదను, పిదప పసిఫిక్కులోను జపాను సాగించిన ఆ యుద్ధమునకు ఈ కార్ఖానా సైనిక లారీలు చేసియిచ్చెను; ఇది ఆయన చరిత్రములో చెప్పక విడువదగినది కాదు. 1941లో ఆయన అధ్యక్షుడయ్యెను. 1945 ఆగస్టు 14న, జపాను లొంగిపోవుటకు ఒక్క దినము ముందు, కార్ఖానాపై బాంబులు పడెను.

ఇప్పుడు ఆయన జీవితములో మాకు మిక్కిలి బాధగా తోచు భాగమునకు వచ్చితిమి. 1949లో అధిక ధరలను అణచుటకై చేసిన కట్టుబాట్ల వలన దేశములో ధనము ఎండిపోయెను. బండ్లు అమ్ముడుపోయినను డబ్బు రాలేదు. ఆ సంవత్సరాంతమున పనివారు జీతములో నూటికి పదివంతులు తగ్గించుకొనుటకు ఒప్పుకొనిరి. దానికి మాఱుగా ఎవరిని తీసివేయమని కంపెనీ వ్రాసియిచ్చెను. అప్పిచ్చిన బ్యాంకులు మాత్రము పనివారిని తగ్గింపవలెనని పట్టుబట్టెను. 1950 ఏప్రిలులో 1,600 మందిని పంపివేయుదుమని ప్రకటన వెలువడగా సమ్మె జరిగెను. కియిచిరో రోగి, మాట యిచ్చినది ఆయన కంపెనీ, మాట తప్పినదియు ఆయన కంపెనీయే. జూన్ 5న ఆయన పదవికి రాజీనామా యిచ్చెను. తుదకు పని విడిచినవారు 2,000కు పైబడిరి. పెద్ద తానును దిగిపోయినంత మాత్రమున వారి ఇండ్లలో పొయ్యి వెలుగలేదు. అది మేము మఱచుట లేదు. ఐనను పై పీఠమున నుండి క్రిందివారిని మాత్రమే త్రోసివేసిన యజమానులు ఎందఱో యుండగా, ఈయన అట్టివాడు కాడు.

ఇరువది దినములు గడచెనో లేదో కొరియా యుద్ధము మొదలయ్యెను. జూలైలో అమెరికా సైన్యము 1,000 లారీలు కోరెను. కంపెనీ బ్రతికెను. క్రొత్త అధ్యక్షుడు తైజో ఇషీదా 1952లో పోయి, కియిచిరోను తిరిగి రమ్మని వేడగా ఆయన సమ్మతించెను. కాని ఆ మార్చి 27న మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. వయస్సు 57.

ఆయన విడిచిన పనిని ఎత్తుకొన్నవారిలో ముఖ్యుడు, టొయోడా నూలుమిల్లునుండి వచ్చిన తైయిచి ఓనో. తండ్రి మగ్గపు సూత్రమును, కుమారుని నియమమును ఈయన కార్ఖానాలో జోడించెను. బండ్లు వరుసగా సాగిపోవుచుండగా లోపమును చూచిన ఏ పనివాడైనను ఒక త్రాడు లాగవచ్చును; లోపము అక్కడికక్కడ తీరనిచో పని నిలిచిపోవును. యజమానిని అడుగ నక్కఱలేదు.

ఐనను పేరు వెంటనే రాలేదు. 1957లో అమెరికాకు పంపిన క్రౌన్ కారు అక్కడి రాజమార్గముల వేగమునకు ఆగలేక, వేడెక్కి, వణకి పరిహాసపాత్రమయ్యెను. కార్ల ఎగుమతిని కొంతకాలము మానుకొని, లోపములను దిద్ది, 1965లో కరోనాతో మరల పోయిరి. 1966లో పుట్టిన కరోలా 2021 నాటికి 5 కోట్లు అమ్ముడుపోయెను. ఆఫ్రికా ఎడారులలోను, ఆస్ట్రేలియా మారుమూలలలోను ఆసుపత్రులవారును సహాయసంఘములవారును ల్యాండ్ క్రూజరును విడువకుండుట లోకమెఱిగినదే.

కొన్నవారి మాట నేడు ఎట్లున్నది? మన దేశమునకు ఈ కంపెనీ కిర్లోస్కరు వారితో కలసి 1997లో వచ్చి, బెంగుళూరు చెంత బిడదిలో కార్ఖానా కట్టి, 2000లో క్వాలిస్‌ను, 2005లో ఇన్నోవాను ఇచ్చెను. బాడుగ కార్లు నడుపువారిని అడిగి చూడుడు. లక్షల కిలోమీటర్లు తిరిగినను ఇంజను నమ్మకముగా నడచుననియు, పాత బండికి మంచి ధర వచ్చుననియు చెప్పుదురు. వెంటనే వెల యెక్కువ యనియు సణుగుదురు. సుజుకీవారి బలేనోయే గ్లాంజా అను పేరుతో 2019 నుండి టొయోటా గుర్తు ధరించుటను కొందఱు మెచ్చరు. సొగసు చాలదని, నడుపుటలో ఉత్సాహము లేదని విదేశముల వారును అనుచుందురు. అమెరికాలో లారీవంటి బండ్ల చట్రములు త్రుప్పుపట్టెనని కొన్నవారు వ్యాజ్యము వేయగా, 2016లో కంపెనీ రాజీకి వచ్చెను.

ఇంతకంటె పెద్దది 2009, 2010 సంవత్సరములలో జరిగెను. యాక్సిలరేటరు అంటుకొనిపోవుటవలనను, కాలిక్రింది పట్టలో చిక్కుకొనుటవలనను బండ్లు ఆగక పరుగెత్తెనని ఫిర్యాదులు వచ్చి, లక్షలకొలది కార్లను వెనుకకు పిలిపింపవలసి వచ్చెను. కియిచిరో మనుమడు అకియో టొయోడా, అప్పటి అధ్యక్షుడు, 2010 ఫిబ్రవరి 24న అమెరికా శాసనసభ సంఘము ఎదుట నిలిచి క్షమాపణ వేడెను. అధికారులు చేయించిన పరీక్షలో విద్యుత్పరికరముల దోషము కనబడలేదు. కాని తాను ఎఱిగిన లోపములను గూర్చి కొనుగోలుదారులకు నిజము చెప్పలేదను నేరమునకు 2014లో ఆ కంపెనీ 120 కోట్ల డాలర్లు చెల్లించెను. పోగు తెగినను మగ్గము ఆగలేదన్న మాట.

నగోయాలో పాత నూలుమిల్లు స్థలమున కంపెనీవారు ఒక ప్రదర్శనశాలను కట్టిరి. అది కియిచిరో నూఱవ జన్మదినమున, 1994 జూన్ 11న తెఱవబడెను. కార్లకంటె ముందు అక్కడ మగ్గములను చూపుదురు. వానిలో జి-రకము ఇప్పటికిని నడచు స్థితిలో నున్నది.