కెన్నెత్ ఆండర్సన్

సికిందరాబాదునకు ఉత్తరమున బొల్లారమను దండు బస్తీ కలదు. కెన్నెత్ ఆండర్సన్ 1910వ సంవత్సరమున అచట జన్మించెను. అతని పూర్వులు స్కాట్లండు దేశస్థులు. పలు తరములుగా వారు భారతదేశముననే స్థిరపడియుండిరి. తండ్రి సైన్యపు జీతభత్యముల లెక్కలు చూచు ఉద్యోగి, వేటయందు ఆసక్తి కలవాడు. ఆ ఆసక్తియే కుమారునకును అబ్బెను. బెంగుళూరులో చదువు ముగిసిన పిమ్మట న్యాయశాస్త్రము కొరకు ఎడింబరో నగరమునకు పంపిరి గాని, ఆ చదువు అతని మనసునకు ఎక్కలేదు. తిరిగివచ్చి తంతితపాలా శాఖలోను, పిదప బెంగుళూరు విమాన కర్మాగారములోను పనిచేసెను. సెలవు దొరికినదే తడవుగా అడవికి పోవుట అతని అలవాటు.

అతని వేట రాజుల వేట వంటిది కాదు. రాజులు మంచెపై కూర్చుండగా వందలాది జనులు డప్పులు మ్రోగించి పులిని ఎదుటికి తోలెడివారు. ఆండర్సన్ అడవి తెలిసిన పల్లెవాని నొకనిని తోడుగొని, ఒక్కొకప్పుడు ఒంటరిగనే, జాడలు చూచుచు కాలినడకను పోయెడివాడు. యౌవనమున అతడును వినోదమునకై వేటాడినవాడే. దానిని దాచుట న్యాయము కాదు. క్రమముగా మనుష్యులను తినమరగిన పులులను, చిరుతలను మాత్రమే వెదకి చంపసాగెను.

పులి నరమాంసమునకు ఏల మరగును? ఆరోగ్యముగానున్న పులి మనుష్యుని చూచి తొలగిపోవును. ముదిమి వలననో, ఏదుపంది ముల్లు పాదమున విరిగియుండుట వలననో, తుపాకి గాయము వలననో పరుగు చెడిన పులియే మనుష్యునిపై పడును. వీనిలో మూడవది మనుష్యుడు తెచ్చిపెట్టుకొన్న కీడు.

ఆ కాలమున పల్లెలలో గొట్టపు మూతి నుండి మందు కూరెడి నాటుతుపాకులు విరివిగా ఉండెడివి. వేటగాడు సీసమును గరిటెలో కరగించి, అచ్చులో పోసి, గుండ్లు తానే చేసికొనెడివాడు. సీసము సుమారు 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగును గనుక పొయ్యి నిప్పులే చాలును. పని తేలికగనే తోచును, కాని అందును నేర్పున్నది. అచ్చు చల్లగానున్నచో గుండు ముడుతలు పడును. లోపల గాలిబుడగ నిలిచినచో బరువు ఒకప్రక్కకు ఒరిగి గురి తప్పును. శుద్ధమైన సీసము మెత్తన. కొంత తగరము కలిపిన గట్టిపడును. మందు తక్కువైనచో గుండు లోతుగా దిగదు. ఎక్కువైనచో గొట్టమే పగిలి కాల్చినవానికి ముప్పు వాటిల్లును.

నేర్పరి చేతిలో అదియు మంచి ఆయుధమే. కాని చీకటిలో నీటిగుంట కడ జింక కొరకు పొంచియున్న దొంగవేటగాడు బెదరి పులిపై ప్రేల్చినచో, అది చావక గాయపడును. మరల మందు కూరుటకు వ్యవధి ఉండదు. పులి పొదలలోనికి పోవును, వేటగాడు ఇంటికి పోవును. కొన్నినెలలకు ఆ కుంటిపులి జింకను పట్టజాలక, కట్టెలకు వచ్చిన పేదరాలిని పట్టును. అందుచేతనే గాయపడిన మృగమును విడిచిపోరాదని మంచి వేటగాండ్రు నియమము పెట్టుకొనిరి. నెత్తుటి జాడను బట్టి పొదలలో దూరుట ప్రాణముతో చెలగాటమే. అయినను ఆండర్సన్ దానిని మానలేదు.

అతని తుపాకి 405 వించెస్టరు. దాని గుండు బరువు 300 గ్రెయిన్లు, అనగా ఇంచుమించు 19 గ్రాములు. అమెరికా అధ్యక్షపదవి వీడిన రూజ్వెల్టు 1909లో ఆఫ్రికా వేటకు కొనిపోయినదియు ఈ రకమే.

తిరుపతి చెంతనున్న మామండూరు అడవులును, నల్లమలయు అతడెరిగినవే. నల్లమలను చీల్చుకొని పోవు గుంటకల్లు-బెజవాడ రైలుదారిలో చెలమ స్టేషను కలదు. ఆ ప్రాంతమున మనుష్యులను చంపిన పులిని వేటాడిన వృత్తాంతమును 1959లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. అతని మొదటి గ్రంథము 1954లోనే వెలువడెను. కథ చెప్పుటలో కొంత రంగు పూసెనని అనువారును కలరు; కాని అడవిజనులను అతడు సేవకులుగా గాక మిత్రులుగా చూచెనన్నది ప్రతి పుటయందును కానవచ్చును.

పెద్దవయసున తుపాకి కంటె కెమెరాయే అతనికి ప్రియమయ్యెను. వన్యప్రాణి రక్షణ చట్టము 1972లో వచ్చినది. ఆండర్సన్ 1974లో బెంగుళూరులో కన్నుమూసెను. నల్లమలలో అధికభాగము 1983లో పులుల అభయారణ్యమయ్యెను. ఆ కొండల నడుమ రైళ్ళు నేటికిని పోవుచున్నవి.