ఉద్యోగం పోతే అద్దె, ఫీజులు ఎలా? ప్రకాశం పంతులు ఇల్లు నిలబడిన తీరు.. ఇప్పుడు మీకు రావాల్సినవి

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీలో గుమస్తా కావచ్చు. చిలకలూరిపేట హైవే పక్కన స్పిన్నింగ్ మిల్లులో ఆపరేటర్ కావచ్చు. రేపటి నుంచి పనిలోకి రావొద్దని చెబితే మీకు ముందు గుర్తొచ్చేవి రెండు: ఒకటో తారీఖు అద్దె, పిల్లల చదువు.

ఒంగోలు కేంద్రంగా ఉన్న జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి ఈ రెండు కష్టాలూ చిన్నప్పుడే చూశారు. టంగుటూరి ప్రకాశం పంతులు అనగానే మీకు సైమన్ కమిషన్, తుపాకీ ముందు విప్పిన చొక్కా గుర్తొస్తాయి. ఆయన ఇంట్లో సంపాదన ఆగిపోయిన రోజుల గురించి అంతగా చెప్పుకోరు. ఆ ఇల్లు ఎలా నిలబడిందో, అదే పరిస్థితి ఇప్పుడు మీకొస్తే ఏ తలుపు తట్టాలో చూద్దాం.

తండ్రి పోయాక ఏం జరిగింది?

ప్రకాశం 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య. ఇంట్లో ఆరుగురు పిల్లలు. ప్రకాశానికి 11 ఏళ్ల వయసులో తండ్రి చనిపోయారు. దాంతో సంపాదన ఆగిపోయింది.

సుబ్బమ్మ పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు పెట్టారు. అంటే డబ్బు తీసుకుని భోజనం పెట్టే మెస్. అప్పట్లో ఆ పనిని చులకనగా చూసేవారు. ఆమె అది పట్టించుకోలేదు. అయినా రాబడి చాలక ప్రకాశం వారాలు చేసుకున్నారు. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో తిని చదువుకోవడమే వారాలు.

ఇప్పుడైతే ఆ అన్నం కోసం ఎవరి గడపా తొక్కాల్సిన పనిలేదు. ప్రభుత్వ బడిలో డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం ఉంది. గుంటూరు, ఒంగోలులో అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలు. రైస్ కార్డు లేకపోతే, ఆదాయం తగ్గిందని వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. తిండి ఖర్చు ఎంత తగ్గితే అద్దెకు అంత మిగులుతుంది.

మూడు రూపాయల ఫీజు

మిషన్ స్కూల్లో ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు ఇంట్లో 3 రూపాయలు లేవు. సుబ్బమ్మ తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ డబ్బు కట్టారు. ఆ ఇంట్లో మిగిలిన ఆస్తి అదే కావచ్చు. చదువు మాత్రం ఆగలేదు.

ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆ కుర్రాడిని చేరదీశారు. రాజమండ్రికి మకాం మార్చినప్పుడు వెంట తీసుకెళ్లి చదివించారు. ప్రకాశం ప్లీడరయ్యారు, రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యారు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు.

ఒక చీర, ఒక మాస్టారు లేకపోతే ఈ కథ ఒంగోలులోనే ఆగిపోయేది. ఇప్పుడు తల్లికి వందనం కింద అర్హత ఉన్న కుటుంబాల్లో ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు కేటాయిస్తారు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. ప్రైవేటు స్కూలు ఫీజు భారమైతే పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టకండి. ప్రభుత్వ బడిలో ఫీజు ఉండదు.

పట్టుచీర తాకట్టు వరకు వెళ్లేముందు..

ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ పట్టుచీర స్థానంలో బంగారం ఉంది. జీతం ఆగిన వారంలోనే గోల్డ్ లోన్ తీసుకుంటారు. వడ్డీ నెల నెలా పెరుగుతుంది. ఆ పని చేసేముందు మీకు రావాల్సిన డబ్బు లెక్క చూసుకోండి. సుబ్బమ్మకు అలాంటి లెక్క లేదు. ఈఎస్ఐ చట్టం 1948లో, పీఎఫ్ చట్టం 1952లో, తొలగించిన కార్మికుడికి పరిహారం 1953లో వచ్చాయి.

ఈఎస్ఐ: మీ పే స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉంటే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన చూడండి. సగటు రోజు వేతనంలో 50 శాతం చొప్పున 90 రోజుల వరకు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ చేయాలి. ఈ పథకాన్ని గడువులు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, ఇప్పుడు అమల్లో ఉందో లేదో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్ చేసినా రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన గురించి కూడా అడగండి.

పీఎఫ్: ఉద్యోగం పోయినవారు 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం ఏడాది తర్వాత తీసుకోవచ్చని 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. మీరు దరఖాస్తు చేసే రోజున ఏ నిబంధన ఉందో పోర్టల్‌లో చూసుకోండి. యజమాని మీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు.

పరిహారం, గ్రాట్యుటీ: ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడిని తొలగిస్తే నెల నోటీసు లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. దాంతోపాటు పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వేరుగా వస్తుంది. అందుకే రాజీనామా కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. మీ అంతట మీరే మానేశారని రాసి ఉంటే పరిహారం అడగడం కష్టం.

బారిస్టర్ ఆదాయం వదిలేసిన ఏడాది

1921లో ప్రకాశం తన సంపాదనను తానే ఆపేశారు. సహాయ నిరాకరణ ఉద్యమంలో చేరి, బాగా నడుస్తున్న ప్రాక్టీసు మానేశారు. స్వరాజ్య పత్రిక పెట్టి, కూడబెట్టిందంతా అందులో పోశారు. దాదాపు 14 ఏళ్లు నడిచి, నష్టాలతో అది మూతపడింది.

ఆ మధ్యలోనే 1928 వచ్చింది. మద్రాసులో సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ తుపాకీకి ఎదురు నిలిచి ఆంధ్రకేసరి అయ్యారు. 1937లో మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రిగా ఉంటూ జమీందారీ రైతుల కష్టాలపై విచారణ సంఘానికి నాయకత్వం వహించారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లారు. 1946లో మద్రాసు ప్రధాని అయ్యారు, ఏడాది తిరగకుండానే దిగిపోయారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

పదవులు వచ్చాయి, పోయాయి. ఆస్తి మాత్రం మిగుల్చుకోలేదు. 1957 ఎండాకాలంలో ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తూ వడదెబ్బ తగిలి, మే 20న హైదరాబాద్‌లో కన్నుమూశారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు.

మరి అద్దె సంగతేంటి?

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. ఉద్యోగం పోయిందని మీ అద్దె కట్టే పథకం ఏదీ లేదు. అద్దె బకాయి పడకముందే ఇంటి ఓనర్‌తో మాట్లాడండి. అడ్వాన్సులోంచి రెండు నెలలు సర్దుకోమని అడగండి. ఒప్పుకుంటే వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా పెట్టించుకోండి. బకాయి ఉన్నా కోర్టు ఉత్తర్వు లేకుండా సామాను బయట పడేసే హక్కు ఓనర్‌కు లేదు. అలాంటి పరిస్థితి వస్తే 15100కు ఫోన్ చేయండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ఇంకో నిజం. పే స్లిప్పు లేని హమాలీకి, పొగాకు గ్రేడింగ్ చేసే కూలీకి, సొంతంగా మెస్ నడిపే మహిళకు పైన చెప్పిన ఈఎస్ఐ భృతి, పీఎఫ్ అందవు. ఆ విషయంలో వాళ్లు ఇంకా సుబ్బమ్మ ఉన్నచోటే ఉన్నారు. వాళ్లకున్న ఆసరా రైస్ కార్డు, బడి, అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్ నమోదు. మీ ఇంట్లో అలాంటివారుంటే ఈ మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో పని ఉన్నప్పుడే చూసుకోండి.

మీకు ఇప్పుడు ఉద్యోగం ఉంటే ఈ నెల పే స్లిప్పు తీసి, ఈఎస్ఐ, పీఎఫ్ కోతలు నిజంగా మీ ఖాతాలో జమవుతున్నాయో లేదో ఫోన్‌లోనే చూడండి. ఐదు నిమిషాల పని.