దిండు గలీబు కట్టిన స్వీపర్

జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ 1848లో పుట్టాడు. కానీ ఆయన గురించి చెప్పుకోవలసిన అసలు కథ 1907లో మొదలవుతుంది. అప్పటికి ఆయన వయసు అరవైకి దగ్గర. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కాంటన్ అనే ఊరు. అక్కడ జోలింజర్ అనే పెద్ద షాపులో జానిటర్ పని. అంటే ఊడవడం, తుడవడం, కార్పెట్లు శుభ్రం చేయడం. దానికి తోడు ఆయనకి ఉబ్బసం.

ఉబ్బసం ఉన్న మనిషికి కార్పెట్ ఊడ్చే ఉద్యోగం అంటే ఏంటో ఒకసారి ఆలోచించండి. అప్పట్లో కార్పెట్ స్వీపర్ అని ఒకటి ఉండేది. బిస్సెల్ అనే ఆయన 1876లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. కర్ర పట్టుకుని తోస్తుంటే చక్రాలు తిరిగి, వాటితో పాటు లోపల బ్రష్ తిరుగుతుంది. చెత్తని డబ్బాలోకి తోస్తుంది కానీ సన్నటి దుమ్ముని గాల్లోకి లేపుతుంది. ఆ లేచిన దుమ్మంతా స్పాంగ్లర్ ఊపిరితిత్తుల్లోకే పోయేది. దగ్గు, ఆయాసం. పని మానేద్దామంటే డబ్బుల్లేవు.

ఎందుకు లేవో కూడా చెప్పాలి. ఈయన పుట్టు జానిటర్ ఏమీ కాదు. 1887లో కోత యంత్రం ఒకదానికి, 1893లో ఎండుగడ్డిని పోగుచేసే యంత్రానికి, 1897లో తొక్కే బండి ఒకదానికి పేటెంట్లు తీసుకున్నాడు. ఏదీ జేబు నింపలేదు. మన భాషలో చెప్పాలంటే మూడు ప్రాజెక్టులు, మూడూ ఫ్లాప్. అలాంటి మనిషి ఆ వయసులో చీపురు పట్టుకున్నాడంటే సరదాకి కాదు కదా.

అయితే బుర్ర మాత్రం ఊరుకోలేదు. పాత ఫ్యాన్ మోటారు ఒకటి తీసుకున్నాడు. సబ్బుల డబ్బా ఒకటి. చీపురు కర్ర. దిండు గలీబు. వీటిలో ఏ ఒక్కటీ ఇంకోదాని కోసం తయారైంది కాదు. సికింద్రాబాద్ సీటీసీలో పాత ల్యాప్‌టాప్ పార్టులు ఏరి ఒకటి నిలబెట్టే సీనియర్లు మనకి తెలుసు; ఈయన వాళ్ళందరికీ తాత అనుకోండి.

దీంట్లో తెలివి మోటారులో లేదని నా అభిప్రాయం. ఒకే మోటారుకి రెండు పనులు చెప్పడంలో ఉంది. మోటారు ఫ్యాన్‌ని తిప్పుతుంది, అదే మోటారు బెల్టుతో ముందున్న బ్రష్‌ని కూడా తిప్పుతుంది. బ్రష్ కార్పెట్ పోగుల్లో ఇరుక్కున్న దుమ్ముని కదిలిస్తుంది. అది పైకి లేచేలోపే ఫ్యాన్ లాగేసి వెనక్కి, గలీబులోకి, ఊదేస్తుంది. బట్ట నేతలోంచి గాలి బయటికి పోతుంది, దుమ్ము లోపలే ఉండిపోతుంది. గలీబు నిండే కొద్దీ గాలి పోయే దారి తగ్గి, లాగే బలం కూడా తగ్గుతుంది. అప్పుడు దులపాలి. అంతే మెయింటెనెన్స్.

వాక్యూమ్ క్లీనర్‌ని కనిపెట్టింది ఈయనే అని కొందరు రాసేస్తారు, అది కరెక్ట్ కాదు. ఇంగ్లండ్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ 1901లోనే దుమ్ము పీల్చే యంత్రం చేశాడు. కాకపోతే అది గుర్రపు బండి మీద వచ్చి వీధిలో ఆగేది, కిటికీల్లోంచి పొడవాటి గొట్టాలు ఇంట్లోకి వేసేవారు. స్పాంగ్లర్‌ది ఒక్క మనిషి ఒక్కడే తోసుకుంటూ వెళ్ళగలిగేది. ఆయనకి కావలసింది కూడా అదే.

1908 జూన్ 2న పేటెంట్ వచ్చింది. ఈసారైనా నిలబడాలని ఉద్యోగం వదిలేసి, అప్పులు చేసి, ఇంట్లోవాళ్ళ సాయంతో వారానికి రెండో మూడో యంత్రాలు చేయడం మొదలుపెట్టాడు. చేతితో చేస్తే ఎన్నని అవుతాయి? డబ్బు మళ్ళీ అయిపోవస్తోంది. నాలుగోది కూడా మొదటి మూడింటి దారి పట్టేదే.

అలా కాకుండా ఆపింది సూసన్ హూవర్ అనే తెలిసినావిడ. యంత్రాన్ని ఇంట్లో వాడి చూసి, బావుందని భర్తకి చెప్పింది. ఆ భర్త విలియం హెన్రీ హూవర్‌కి తోలు వ్యాపారం. గుర్రపు జీనులు, పట్టీలు తయారుచేసేవాడు. రోడ్ల మీదికి కార్లు వచ్చేస్తున్నాయి, గుర్రాలు పోతే జీనులు ఎవరు కొంటారు? ఆయన భయం ఆయనది. 1908లోనే పేటెంట్ కొనేశాడు, తోలు దుకాణంలోనే ఒక మూల పని మొదలైంది. డిసెంబరులో పత్రికలో ప్రకటన వేశారు: పది రోజులు ఇంట్లో ఫ్రీగా వాడి చూడండి అని. ఉత్తరం రాసినవాళ్ళకి యంత్రాన్ని వాళ్ళ ఊరి షాపు ద్వారా పంపి, ఆ షాపునే తర్వాత డీలర్‌గా చేసుకున్నారు. ఫ్రీ ట్రయల్ అనేది మన యాప్‌ల కాలంలో పుట్టిందనుకునేవాళ్ళు గమనించగలరు.

పేరంతా హూవర్‌కి పోయింది. బ్రిటన్‌లో ఇల్లు ఊడవడానికి క్రియాపదమే ఆ పేరుతో తయారైంది. స్పాంగ్లర్‌ని హూవర్ ముంచేశాడు అనడం తేలిక, కానీ నాకు అలా అనిపించదు. ఆయన్ని కంపెనీలోనే ఉంచుకున్నారు, అమ్మిన యంత్రాల మీద రాయల్టీ ఇచ్చారు. అంతకుముందు మూడు పేటెంట్లలో ఏదీ ఆయనకి ఆ మాత్రం చేయలేదు.

1915 జనవరిలో స్పాంగ్లర్ చనిపోయాడు. జీవితంలో మొదటిసారి సెలవు పెట్టి ఎక్కడికో వెళ్దామని బయల్దేరే ముందు రోజు రాత్రి పోయాడని అంటారు. అప్పట్లో పేటెంట్ గడువు 17 ఏళ్ళు ఉండేది. రాయల్టీ 1925 దాకా ఆయన ఇంటికి వస్తూనే ఉంది.