ఒక పేదవాని కడుపు నేర్పిన పాఠం

కడుపుబ్బరం, పుల్లని తేన్పులు, ఛాతీలో మంట - వీటితో ఏళ్ల తరబడి బాధపడేవారు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. ఆహారం కడుపులో ఎలా అరుగుతుందో లోకానికి తెలిసింది ఒక పేద కూలివాని వల్ల. చదువు రాని ఆ మనిషి పేరు అలెక్సిస్ సెంట్ మార్టిన్.

కెనడాకు చెందిన అలెక్సిస్ జంతువుల తోళ్ల వ్యాపారంలో పడవలు నడిపేవాడు. 1822 జూన్ 6న అమెరికాలోని మాకినా దీవిలో పొరపాటున తుపాకి పేలి అతని పొట్ట పైభాగం చీలిపోయింది. సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ఇక బ్రతకడనే అనుకున్నాడు. అయినా వైద్యం మానలేదు. అల్లాహ్ దయతో ప్రాణం నిలిచింది గాని, కడుపుకు పడిన రంధ్రం పూడలేదు.

1825లో ఆ వైద్యుడు మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కలను దారానికి కట్టి ఆ రంధ్రం గుండా లోపలికి దించాడు. గంటకోసారి పైకి లాగి చూసేవాడు. కడుపులోని రసాన్ని సీసాలోకి తీసి ఒంటివేడిలో ఉంచితే అందులోనూ మాంసం కరిగిపోయింది! ఆ రసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. కోపం వస్తే అరుగుదల చెడుతుందని, సారా త్రాగితే కడుపు లోపలి పొర ఎర్రబారుతుందని కూడా ఆయన గమనించాడు. ఇవన్నీ 1833లో పుస్తకంగా వచ్చాయి.

ఆమ్లం మనకు శత్రువు కాదు. ఆహారం అరగడానికి అది తోడ్పడుతుంది. కడుపు గోడను ఒక జిగురు పొర కాపాడుతూ ఉంటుంది. ఆ పొర దెబ్బతిన్నా, ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నినా బాధ మొదలవుతుంది. నొప్పి మాత్రలు అతిగా వాడితే ఆ పొర పాడవుతుంది. ఒక సూక్ష్మక్రిమి కూడా దాన్ని పాడుచేస్తుందని 1980లలో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ చూపించారు. కొందరికి ఆమ్లం మామూలుగానే ఉన్నా కడుపు ఓర్చుకోలేదు. అందుచేత సోడాతో సరిపెట్టుకోకూడదు. నల్లని విరేచనం, రక్తపు వాంతి, మింగలేకపోవడం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే డాక్టరును కలవాలి.

ఇంత మేలు చేసిన అలెక్సిస్‌కు దక్కిందేమిటి? 1832 ఒప్పందం ప్రకారం ఏడాదికి 150 డాలర్లు, తిండి, బట్ట. సంతకం రాక గీత పెట్టాడు. పరీక్షలతో పాటు ఇంటి చాకిరీ కూడా చేశాడు. 1834లో స్వదేశానికి వెళ్లి, ఎన్ని ఉత్తరాలు వచ్చినా తిరిగి రాలేదు. 1880లో చనిపోయినప్పుడు, వైద్యులు దేహాన్ని కోయకుండా ఉండాలని ఇంటివారు అది కుళ్లేదాకా ఉంచి లోతుగా పాతిపెట్టారు. ఆ కుటుంబం మనసు ఎంతగా గాయపడిందో మనం గ్రహించాలి.

కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అన్న మన ప్రవక్త (స) బోధను ఇఫ్తార్ వేళ గుర్తుంచుకుందాం. అలాగే మన సహాయం కోరి వచ్చే పేద రోగి కూడా మనవంటి మనిషేనని, అతని ఇష్టం అడిగి తెలుసుకోవాలని మరువకుందాం.